ఆళ్లగడ్డ నుంచి మా వంటింటి గూటికి: పద్మపాణి కోసం ఏడు నెలలు

“ఈ బొమ్మ ఆడమనిషా, మగమనిషా అమ్మా?”

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఆచారి గారు నా ఫోన్‌లో ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూస్తూ అడిగిన మొదటి ప్రశ్న ఇది. 2024 జూలై 14, ఆదివారం. జవాబు నాకు తెలుసు. అయినా చటుక్కున చెప్పలేకపోయాను. ఎందుకో తెలియాలంటే మా అమ్మ సంగతి కొంచెం చెప్పాలి.

మాది కర్నూలు, బుధవారపేట. మా నాయన కవర్ల మీద కావాలనే ‘బుద్ధవారపేట’ అని రాసేవాడు. ఉత్తరాలు మాత్రం సరిగానే వచ్చేవి. అంబేడ్కర్ దారిలో బౌద్ధం తీసుకున్న మనిషి ఆయన. 1994లో నాగపూర్ దీక్షాభూమికి పోయి, వచ్చేటప్పుడు అజంతా కూడా చూసుకుని, ఒక క్యాలెండర్ తెచ్చాడు. దాని మీద మొదటి గుహలో గోడమీద గీసిన పద్మపాణి. చేతిలో తామర, తల ఒక పక్కకు వాల్చి, కళ్లు కిందికి దించి ఉంటాడు. సంవత్సరం అయిపోయాక అమ్మ తేదీల కాగితాలు చించేసి ఆ బొమ్మను వంటింటి గూట్లో పెట్టుకుంది. అంతకుముందు ఆ గూడు గ్రామదేవత సుంకులమ్మది. నాయన దీక్ష తీసుకున్నాక ఇంట్లో పటాలన్నీ పోయాయి. గూడు ఖాళీగా ఉండడం అమ్మకు మనసొప్పలేదనుకుంటా.

అమ్మ ఆ బొమ్మను ‘ఆమె’ అనేది. “ఆమె కాదు, ఆయన. అవలోకితేశ్వరుడు. కరుణకు రూపమైన బోధిసత్వుడు” అని నాయన వందసార్లు చెప్పి ఉంటాడు. అమ్మ పీట మీద కూర్చుని ఎర్రగడ్డలు తరుగుతూనే, “అంత చల్లని చూపు మగోళ్లకు యాడుంటాదిలే” అనేది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లో అటక దాకా నీళ్లు. నాలుగు రోజులు బురద ఎత్తిపోశాం. గూట్లో అట్టముక్క కూడా మిగల్లేదు. 2011లో నాయన పోయాడు. “ఆమె బొమ్మ మళ్లీ దొరకదా పాపా” అని అమ్మ అప్పుడప్పుడూ అడిగేది. ఒకసారి కలర్ ప్రింటు తీయించి ఇచ్చాను. రంగు వేరే ఉందని పక్కన పెట్టేసింది. నేను కూడా మళ్లీ పట్టించుకోలేదు. 2023 నవంబరులో అమ్మ పోయింది.

ఇక అసలు సంగతి. అమ్మ గూట్లో పెట్టడానికి ఆ బొమ్మ విగ్రహం కోసం 2024 ఏప్రిల్‌లో మొదట ఆన్‌లైన్‌లో చూశాను. ‘ఇత్తడి కరుణ దేవత’ అని ఒకటి కనిపించింది, చైనా వాళ్ల గ్వాన్‌యిన్. ఈ అవలోకితేశ్వరుడే చైనాకు పోయాక కొన్ని వందల ఏళ్లలో ఆడరూపం దాల్చాడు. అమ్మ మాటే నిజమైనట్టుంది కదా అని ముచ్చటపడి 2,499 రూపాయలు కట్టాను. 11 రోజులకు వచ్చింది. గోటితో గీకితే ఇత్తడి రంగు లేచి కింద తెల్లటి రెసిన్ బయటపడింది. వెనక్కి పంపి డబ్బు రాబట్టుకునేసరికి మే నెల దాటింది. కొరియర్ ఖర్చు 180 నా నెత్తినే పడింది.

మా ఆఫీసులో ఒకామె బైలకుప్పె పొమ్మంది. మైసూరు జిల్లాలోని టిబెటన్ల ఊరు అది. అక్కడ దొరికేది నాలుగు చేతుల అవలోకితేశ్వరుడు. రెండు చేతులు జోడించి, మూడో చేత జపమాల, నాలుగో చేత తామర. లోపల మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు నింపి, అడుగున రాగిరేకుతో మూసేస్తారట, మళ్లీ తెరవకూడదట. విన్నకొద్దీ వినబుద్ధయింది గానీ, అమ్మ చూసింది నాలుగు చేతుల బొమ్మ కాదు. పోలేదు.

ఆళ్లగడ్డ ఆలోచన మా అన్నది. విచిత్రం ఏమంటే, ఈ మొత్తం వ్యవహారం వద్దన్నది కూడా మా అన్నే. “నాయన అంబేడ్కర్ చెప్పిన 22 ప్రతిజ్ఞలు చేసిన మనిషి. ఆయన తీసేసిన గూట్లోకి నువ్వు మళ్లా విగ్రహం తెస్తా ఉండావు” అని కోప్పడ్డాడు. ప్రాణులన్నిటి మీదా కరుణ చూపుతాననేది కూడా అందులో పదమూడోదే కదన్నా అన్నాను. కరుణ చూపడానికి రాయెందుకు అన్నాడు. ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాతల్లో, భావవివేకుడనే బౌద్ధ ఆచార్యుడు అవలోకితేశ్వరుడి విగ్రహం ముందు ప్రార్థించి, అక్కడి నుంచి మన అమరావతి దగ్గరి ధాన్యకటకానికి వచ్చిన కథ ఉంది. అది చదివి వినిపించాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, “ప్లాస్టిక్ బొమ్మలు కొని మోసపోవద్దు. ఆళ్లగడ్డకు పోయి రాతిలో చెక్కించు” అని పెట్టేశాడు.

ఆళ్లగడ్డ ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, మా వయసువాళ్లకు అది ఇంకా కర్నూలు జిల్లానే. నంద్యాలలో బస్సు మారాను. ఊళ్లోకి రాగానే రోడ్డు పక్కన వరసగా షెడ్లు. ఆంజనేయస్వాములు, నందులు, నాయకుల నిలువెత్తు విగ్రహాలు, మధ్యమధ్యలో అంబేడ్కర్. మిషన్ల రొదలో మాట వినపడదు. నేను పోయింది మూడో షెడ్డు. మొదటి ఇద్దరూ జానెడు బొమ్మ అనగానే చేతులెత్తేశారు. పెద్ద విగ్రహమైతే మిషన్‌తో సగం పని అయిపోతుందట. చిన్నదానికి కన్ను పెట్టి చేయాలి, డబ్బు రాదు. ఇదొక విశేషం నాకు: చిన్నదైతే చవక అనుకుని పోయాను.

మూడో షెడ్డు ఆచారి గారికి అరవై దాటి ఉంటాయి. ఆడా మగా అని ఆయన అడిగింది ఊరికే కాదు. రాయి ఎంచుకోవడానికి. షెడ్డు వెనక్కి తీసుకుపోయి చిన్న సుత్తితో రాళ్లను కొట్టి చూపించారు. ఒకటి గంట కొట్టినట్టు ఖంగుమంది. “ఇది పురుష శిల.” ఇంకొకటి అంత గట్టిగా మోగకుండా, మెత్తగా పలికి ఆగింది. “ఇది స్త్రీ శిల. అమ్మవార్లకు, పీఠాలకు.” మరొకటి కొడితే టక్‌మంది, అంతే. “ఇది నపుంసక శిల. దీన్ని పునాదికేస్తాం.”

నేను బయటికొచ్చి అన్నకు ఫోన్ చేశాను. “మగ. ఇందులో అడిగేదేముంది?” అన్నాడు. లోపలికి పోయి ఆచారి గారికి అమ్మ మాట కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. “పురుష శిలే తీస్తా. ముఖం దగ్గర మాత్రం మీ అమ్మ మాట వింటా” అన్నారు.

తర్వాత ప్రశ్నల వరస. క్యాలెండర్ బొమ్మ నడుము దాకానే కదా, కాళ్లు ఎట్లుండాలి? గోడమీది బొమ్మకు వెనక వైపు ఉండదు, వీపు మీద ఏం చెక్కాలి? అజంతాలో తామర కుడిచేతిలో ఉంది. రాతి విగ్రహాల్లో మామూలుగా కుడిచేయి వరమిచ్చే వరదముద్ర, తామర ఎడమచేతిలో, ఏది కావాలి? నాకు చెమటలు పట్టాయి. చివరికి ఒక కాలు మడిచి, ఇంకో కాలు కిందికి వదిలి కూర్చున్నట్టు, తామర మాత్రం అమ్మ బొమ్మలోలాగే కుడిచేతిలో అని తేల్చాం. కిరీటం మధ్యలో చిన్న బుద్ధుణ్ణి, అమితాభుణ్ణి, పెట్టమన్నాను. అవలోకితేశ్వరుడికి అదే గుర్తు. “ఈ సైజులో పెసరగింజంత వస్తాడు. ముక్కూ మూతీ అడగొద్దు” అన్నారు.

జానెడుకు మించి ఇంట్లో పెట్టుకోకూడదన్నది కూడా ఆయన పట్టింపే. పన్నెండు అంగుళాలు అన్నారు. టేపుతో కొలిస్తే తొమ్మిదే ఉంది! శాస్త్రం అంగుళం వేలి వెడల్పట, టేపు మీది ఇంచి కాదు. పీఠంతో కలిపి మొత్తం అడుగు. 16,000కు మాట్లాడి 5,000 అడ్వాన్సు ఇచ్చాను. 45 రోజులన్నారు. బస్సెక్కబోతుంటే వెనక నుంచి కేకేసి అడిగారు: “గూడు ఎంత ఎత్తులో ఉందమ్మా? కూర్చుని చూస్తారా, నిలబడి చూస్తారా?” అంచనాగా ఏదో చెప్పేశాను. కూర్చుని అన్నట్టు గుర్తు.

ఆగస్టు 25న చూడటానికి పోయాను. అప్పటికి 42 రోజులు. జేగురుతో గీతలు గీసిన దిమ్మెలో నుంచి తల, భుజాలు మాత్రం బయటికొచ్చాయి. రాయి బూడిద రంగులో ఉంది. నల్లరాయి అని చెప్పి ఏదో అంటగడుతున్నారని అనుమానం వచ్చింది, అడిగేశాను కూడా. ఆయన వేలు నీళ్లలో ముంచి బొమ్మ భుజం మీద రాశారు. ఆ వేలు పోయినంత మేర నల్లగా మెరిసింది. ఉలి తగిలిన చోట ఏ నల్లరాయైనా తెల్లబారుతుందట. సానపట్టి నూనె రాస్తేనే నలుపు. సిగ్గేసింది. ఆలస్యానికి కారణం శ్రావణమాసం, గుడి విగ్రహాల ఆర్డర్లు. “ముహూర్తం ఉన్నోళ్లవి ముందు చేయాల మా. మీకు ముహూర్తం లేదు కదా.” ఎవరైనా చిన్న పని ఇచ్చేవాళ్లుంటే ఒక తేదీ చెప్పండి, అబద్ధమైనా సరే. తేదీ లేని పని ఎప్పుడూ ఆఖరే.

ఈ రాకలోనే నేను ఒక తప్పు చేశాను. తామర కాడను భుజానికి ఆనించి ఉంచుతానన్నారాయన. నాకేమో ఫొటోలోలాగా కాడ విడిగా, సన్నగా, వెనక నుంచి వెలుతురు కనపడేట్టు కావాలి. “పెన్సిలంత రాయి నిలవదమ్మా” అని రెండుసార్లు అన్నారు. నేను పట్టుబట్టాను.

అక్టోబరు 9, రాత్రి ఎనిమిదింటికి ఫోన్. “అమ్మా, కాడ పోయినాది.”

సాన పట్టేటప్పుడు విరిగింది. ముఖం అయిపోయింది, కిరీటం అయిపోయింది, పెసరగింజ బుద్ధుడూ అయిపోయాడు. అన్నకు చెబితే, “అతికించమను. రాతిపొడి కలిపి అతికిస్తే ఎవరికి తెలుస్తాది? భిన్నమైంది పనికిరాదనేది మూఢనమ్మకం. సగం రేటుకు తెచ్చుకో” అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది, నిజం చెప్పొద్దూ. కానీ ఆచారి గారు ఒప్పుకోలేదు. “అతికించి ఇస్తే మీకు తెలియదు. తెలియదనే ఫోన్ చేసినా. నా చేతి మీదుగా భిన్నమైన బొమ్మ ఒక ఇంటికి పోదు” అన్నారు. కొత్త రాయికి 3,000 మాత్రం ఇవ్వమన్నారు, కూలి అడగలేదు. తప్పు నాదని ఇద్దరికీ తెలుసు. ఆయన ఆ మాట అనలేదు. ఆ రాత్రి అమ్మ పోయిన రోజు కంటే ఎక్కువ ఏడ్చాను. అమ్మ పోయిన రోజు వచ్చేపోయేవాళ్లకు టీలు పెట్టడంతోనే సరిపోయింది.

నవంబరంతా కార్తీకమాసం, ఆయన ఫోన్ ఎత్తలేదు. డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి కాడకూ భుజానికీ మధ్య రేకులాంటి పలచటి రాయి వదిలారు. ఎదురుగా చూస్తే అది నీడలో కలిసిపోతుంది, తెలియదు.

2025 ఫిబ్రవరి 2న రమ్మన్నారు. పోయేసరికి విగ్రహం నల్లగా మెరుస్తోంది గానీ కళ్లు లేవు. రెప్పల మధ్య చదునుగా ఉంది. ‘చూపు’ ఆఖరున తెరుస్తారట. గుడి విగ్రహమైతే ప్రతిష్ఠ రోజున. ఇంటిది కాబట్టి ఇప్పుడే చేసిస్తాను, ఎదురుగా మాత్రం ఎవరూ ఉండొద్దు అన్నారు. మిషన్లు ఆపించారు. నేను బయట ఒక దిమ్మె మీద కూర్చున్నాను. అప్పటిదాకా ఆ షెడ్డులో విన్నవన్నీ పెద్ద చప్పుళ్లు. ఇప్పుడు గడియారం టిక్‌మన్నట్టు ఒక చిన్న శబ్దం, ఆగడం, ఊదడం, మళ్లీ ఒకటి. దాదాపు నలభై నిమిషాలు. నా కాళ్ల పక్కనే చెత్త రాళ్లలో పాత విగ్రహం కనిపించింది, విరిగిన కాడతో, గోడవైపు తిప్పి పెట్టి ఉంది. వీపు మీద యజ్ఞోపవీతం గీత, జుట్టు ముడి అన్నీ చక్కగా చెక్కారు. ఆ వెనక వైపు ఎట్లుండాలని అడిగినప్పుడు నేను సరిగా జవాబు కూడా చెప్పలేదు.

పిలిచాక లోపలికి పోయాను. ముఖం గురించి రాయడానికి నాకు మాటలు చాలవు. అమ్మ మాట విన్నారు, అంతే.

బరువు 11 కిలోలు. ఇది నేనసలు ఊహించలేదు. వరిగడ్డి చుట్టి, గోనెసంచిలో కుట్టి ఇచ్చారు. బస్సులో ఒళ్లో పెట్టుకుంటే నంద్యాల చేరేలోపే తొడలు మొద్దుబారాయి. కర్నూలు బస్సులో కండక్టర్ ఏందమ్మా అది అన్నాడు. విగ్రహం అన్నాను. “ఏ సామి?” అన్నాడు. పద్మపాణి అంటే విష్ణువనుకున్నాడేమో, తన పక్క సీటు ఖాళీ చేయించి అందులో పెట్టించాడు. లగేజీ అడగలేదు. దించేటప్పుడు చెప్పులు విడిచి మరీ చేయి వేశాడు.

ఇంటికొచ్చాక గూట్లో పెట్టబోతే ప్లైవుడ్ అర కిర్రుమని వంగింది. మళ్లీ తీసి అమ్మ పీట మీద పెట్టాం. మేస్త్రీ కోసం వారం ఎదురుచూపు. బేతంచెర్ల బండ ఒకటి కోయించి గోడలోకి దించాడు. బండ, సిమెంటు, కూలి కలిపి 2,350. అన్నీ కలిపి నాకయింది 21,350, బస్సు ఛార్జీలు కాక.

ఫిబ్రవరి 12, మాఘ పౌర్ణమి నాడు పెట్టాం. పూజారి లేడు, మంత్రాలు లేవు. అన్న వచ్చి త్రిశరణం, పంచశీల చెప్పాడు. వదిన ఒక గిన్నెలో నీళ్లు, నాలుగు నందివర్ధనం పూలు పెట్టింది. పక్కింటామె వచ్చి, ఏ అమ్మవారంటూ కుంకుమ తీయబోయింది. అన్న ముఖం చూసి ఆగింది.

నేను నిలబడి చూస్తే కొంచెం నిరాశగా అనిపించింది. చూపు నా మీద పడటం లేదు. ఎక్కడో నా మోకాళ్ల దగ్గర నేల చూస్తున్నట్టుంది. ఎత్తు తప్పు చెప్పానా అని టేపు తెచ్చి కొలిచాను. అందరూ పోయాక ఎర్రగడ్డలు తరగడానికి పీట వాల్చుకుని కూర్చుని, కత్తి కోసం తలెత్తాను. కళ్లు సూటిగా కలిశాయి. ఆ పీట మీద కూర్చుంటే తప్ప కలవవు. తర్వాత ఎన్ని చోట్ల కూర్చుని చూశానో.

ఇక జాగ్రత్తలు. నెలకోసారి మెత్తటి గుడ్డతో కొంచెం కొబ్బరినూనె పట్టించమన్నారు ఆచారి గారు, లేకపోతే నలుపు వెలిసిపోతుందట. నూనె రాస్తే అది అభిషేకమే అవుతుందని అన్న అప్పుడే అభ్యంతరం చెప్పాడు. నేను మార్చిలో రాశాను, ఏప్రిల్‌లో మర్చిపోయాను. మే 12, బుద్ధ పౌర్ణమికి అన్న వచ్చి చూసి, కిరీటం దగ్గర తెల్లబారిందని నన్నే తిట్టాడు. విగ్రహాన్ని ఒళ్లోకి దించుకుని పీట మీద కూర్చున్నాడు, నూనె గిన్నె పక్కన పెట్టుకున్నాడు.

“ఇది పూజ కాదు, మెయింటెనెన్స్” అన్నాడు నేను అడగకముందే. పావుగంట రాశాడు. తర్వాత తలెత్తకుండానే, “పాపా, ఇంకో పొడిగుడ్డ ఇయ్యి. ఆమె చెవుల సందులో నూనె దిగింది” అన్నాడు.